అంటించు విద్య

గృహమన్న తరువాత వస్తువులు విఱుగుటయు, వానిని మఱల అతుకుటయు నిత్యకృత్యములు. పింగాణిబొమ్మ చేయి ఊడును. చెప్పు అడుగు విడిపోవును. రవికపై అంటించిన రాయి రాలిపోవును. ఊడినదెల్ల పాఱవేసి క్రొత్తది కొనుట కలవారి పద్ధతి. అతికి వాడుకొనుట ఇల్లాలి పద్ధతి. అయితే నేడు మన యిండ్లలోనికి వచ్చిన జిగురులు మన అమ్మమ్మలు కాచిన చింతగింజల జిగురువంటివి కావు. వాని బలము వేఱు, వాని కోపము వేఱు. ఆ సంగతిని సోదరీమణులతో ముచ్చటించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది హత్నూర. 2016 వఱకు మెదకు జిల్లాలో నుండి, అటుపిమ్మట సంగారెడ్డి జిల్లాలో చేరినది. ఒకవైపు పొలములు, మఱియొకవైపు పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, గడ్డపోతారము వైపు కర్మాగారములు. పురుషులు, కొందఱు స్త్రీలును పనికై అటు పోవుదురు. ఇంటిపట్టున నుండు స్త్రీలలో చేతిపని నేర్చినవారు పట్టుదారము చుట్టిన గాజులు, రాళ్లు పొదిగిన రవికలు, ద్వారములకు కట్టు తోరణములు చేసి పెండ్లిండ్లకును పండుగలకును అమ్ముకొందురు. ఇట్టి పనిలో ఒక రాయి రాలినచో పోవునది రాయి మాత్రమే కాదు. అడిగినవారి నమ్మకమును పోవును. కావున “నీళ్లు తగిలినను విడువని జిగురు ఏది?” అని స్త్రీలు అడుగుట సహజమే. కాని అది సగము ప్రశ్న. “నాకును నా పిల్లలకును కీడు కలుగకుండ దానిని వాడుట ఎట్లు?” అనునది మిగిలిన సగము.

అంటించు విద్య మనకు క్రొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును కలిపి పూసి, దానిపై బొమ్మలు వ్రాయుదురు. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱ ముక్కలను రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతుకుదురు. హైదరాబాదు లాడ్‌బజారులో లక్కను వేడిచేసి మెత్తపఱచి, ఆ మెత్తదనములోనే గాజులకు రాళ్లు పొదుగుదురు. ఆ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపును లభించినది. చింతగింజల జిగురు నీటికి లొంగును. లక్క నీటికి లొంగదు కాని వేడికి లొంగును. ఏ జిగురునకైనను ఒక శత్రువు కలడు. ఆ శత్రువు ఎవరో తెలిసికొనుటయే ఈ విద్యకు మొదటి మెట్టు.

ఇప్పుడు దొరకు జిగురులను నాలుగు తెగలుగా తలపవచ్చును.

మొదటిది తెల్లజిగురు. 1959లో వెలువడిన ఫెవికాలు ఈ తెగలోనిది. కఱ్ఱకు, కాగితమునకు, దారమునకు ఇది మేలైనది. వాసన స్వల్పము, అపాయము స్వల్పము. కాని సాధారణమైన తెల్లజిగురు నీటిలో నానిన మెత్తబడును. నీటికి ఓర్చు తెల్లజిగురు కావలసినచో ఆ మాట డబ్బాపై ఉన్నదో లేదో చూచి కొనవలయును. దారపు గాజులకు తెల్లజిగురు చాలును. దారమే నీరు పీల్చునది కనుక ఎంత గట్టి జిగురు పెట్టినను ఆ గాజులు నీటికి ఆగవు. ఆ మాటను కొనువారికి ముందే చెప్పుట మర్యాద.

రెండవది క్షణములో అంటునది. మనము ఫెవిక్విక్కు అని పిలుచునది ఇదే. దీని మూలద్రవ్యమైన సయనోఅక్రిలేటును 1942లో అమెరికాలో హ్యారీ కూవరు అను శాస్త్రజ్ఞుడు తుపాకుల గుఱిచూపు అద్దములకై పరిశోధించుచు కనుగొని, ప్రతిదానికి అంటుకొనుచున్నదని విసిగి ప్రక్కన పెట్టెను. 1958లో అది జిగురుగా అమ్మకమునకు వచ్చినది. గాలిలోని తేమ తగిలిన వెంటనే గట్టిపడుట దీని గుణము. పలుచని బొట్టు చాలును. ఎక్కువ పెట్టినచో బలము పెరుగదు సరికదా, చుట్టుప్రక్కల రాళ్లపై తెల్లని మసక క్రమ్మును. దెబ్బకును, వేడినీటికిని ఇది ఓర్వదు.

మూడవది రెండు గొట్టముల జిగురు; ఎపాక్సీ అందురు. రెండింటిని చెప్పిన పాళ్లలో, తఱచు సమభాగములుగా, బాగుగా కలిపి పూయవలయును. పాలు తప్పినచో ఎన్నాళ్లకును గట్టిపడదు. రాయి, లోహము, గాజు, పింగాణి వీనికి నీటిలోను నిలుచు బలము కావలసినచో ఇదియే తగినది.

నాలుగవది ఘాటైన వాసనగల రబ్బరు జిగురు. చెప్పులకు, తోలునకు వాడుదురు. ఇందులో టాలుయీను మొదలగు ద్రావకములు ఉండును. విదేశముల నుండి వచ్చు కొన్ని కైపని జిగురులలో పెర్‌క్లోరోఎథిలీను అను ద్రావకము ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ దానిని బహుశః క్యాన్సరు కలిగించు ద్రవ్యముల వర్గమున చేర్చినది. గొట్టముపై చిన్న అక్షరములతో వ్రాసినదానిని చదువకుండ కొనరాదు.

ఏ జిగురైనను అంటుకొనవలసిన చోటు శుభ్రముగా నుండవలయును. నూనె, పసుపు, కుంకుమ, చేతి చెమట ఇవి జిగురునకు పగవారు. సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నున్నని చోటును గరుకు కాగితముతో కొంచెము రుద్ది, దుమ్ము తుడిచి, పిమ్మట జిగురు పెట్టవలయును. అతికిన దానిని కదల్పక నొక్కి ఉంచవలయును. పైకి ఆరినట్లు కనబడినను లోపల ఆరుటకు ఎపాక్సీకి ఒక దినము, ద్రావకపు జిగురులకు మూడు దినముల వఱకు పట్టవచ్చును. అమ్మకమునకు ముందు ఒక వస్తువును రాత్రియెల్ల నీటిలో నానబెట్టి చూచినచో సందేహము తీరును. ప్లాస్టికు బకెట్లకు మాత్రము సాధారణముగా ఏ జిగురును అంటదు. ఆ ప్రయాస వృథా. అన్నము వండు పాత్రలను, వేడి కాఫీ త్రాగు గిన్నెలను ఇట్టి జిగురులతో అతికి వాడరాదు.

ఇక జాగ్రత్తలు. మన ప్రాంతమువారికి ద్రావకముల వాసన తెలియనిది కాదు. నక్కవాగు నీరు చెడిన సంగతి సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. కర్మాగారమున ఆ ద్రవ్యములతో పనిచేయువారికి ముఖముసుగును, చేతితొడుగును ఈయవలెనని నియమము కలదు. అదే జాతి ద్రవ్యము చిన్న గొట్టములో మన గూటిలోనికి వచ్చినప్పుడు నియమము పెట్టువారెవరు? ఇల్లాలే పెట్టుకొనవలయును.

టాలుయీను ఆవిరి గాలికంటె బరువైనది. నేలను ఆనుకొని ప్రాకును. మన స్త్రీలు పని చేయునది నేలపై కూర్చుండి. పసిబిడ్డ పండుకొనునది నేలపైననే. కావున ఇట్టి పనిని మూసిన గదిలో గాక వసారాలోనో అరుగుమీదనో చేయవలయును. పొయ్యి, దీపము, అగరువత్తి దాపున ఉండరాదు. ఆ ఆవిరి నిప్పంటుకొనును. గర్భవతులు ద్రావకపు జిగురుల జోలికి పోరాదు. ఎపాక్సీ చర్మమునకు తఱచు తగిలినచో దురద, దద్దుర్లు పుట్టి, అటుపిమ్మట కొంచెము సోకినను తిరుగబెట్టును. రబ్బరు తొడుగులు వాడవలయును. క్షణములో అంటు జిగురునకు మాత్రము నూలు తొడుగు పనికిరాదు. అది నూలుబట్టపై ఒలికినచో ఒక్కసారిగా వేడి పుట్టి చర్మమును కాల్చును. చీర కుచ్చిళ్లపై పడినచో వెంటనే నీళ్లు విరివిగా పోయవలయును. చర్మమునకు అంటిన బట్టను లాగరాదు.

వ్రేళ్లు అంటుకొన్నచో గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి, మొద్దుగా నుండు చెంచాకాడతో మెల్లగా విడదీయవలయును. కంటిలో పడినచో ఱెప్పలను బలవంతముగా విప్పరాదు. అసిటోను వంటిది ఏదియు వేయరాదు. శుభ్రమైన నీటిధారతో పదునైదు నిమిషములు కడిగి, తడిగుడ్డ వదులుగా కప్పి, తక్షణము కంటి వైద్యుని కడకు పోవలయును. కంటిచుక్కల సీసా అనుకొని ఈ జిగురును కంటిలో వేసికొన్నవారి సంగతులు వైద్యపత్రికలలో పలుమారులు వెలువడినవి. అందుచేత జిగురును మందుల పెట్టెలో ఎన్నడును ఉంచరాదు. ద్రావకపు జిగురును బిడ్డ మ్రింగినచో వాంతి చేయింపరాదు. గొట్టమును చేతబట్టుకొని ఆసుపత్రికి పోవలయును. 108కి పిలిచినచో బండి వచ్చును.

చేతిపనివలన వచ్చు నాలుగు రూపాయలు స్త్రీకి గౌరవము. ఆ రూపాయలకై కన్నును, ఊపిరిని పణము పెట్టనక్కఱలేదు. వెల నిర్ణయించునప్పుడు రాళ్లకును, దారమునకును లెక్క కట్టు సోదరీమణులు చేతితొడుగునకును, మూడు దినముల ఆరుబాటునకును గూడ లెక్క కట్టుదురుగాక. తొందరపెట్టువారికి “జిగురు ఆరవలెనమ్మా” అని చెప్పుటకు వెనుకాడనక్కఱలేదు.