ఏటిగట్టు మీద డొక్కలో పోటు

కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా పోలవరం చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఏటిగట్టు మీద అప్పటికే పిల్లలు ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. కొందరు పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్ కోసం, కొందరు అగ్నివీర్ ర్యాలీ కోసం. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి బంధువుల ఇళ్లలో ఉంటున్న ఆడపిల్లలూ ఉన్నారు. నేర్పించేది సైన్యంలో చేసి రిటైరైన ఒకాయన. పేరు రాయొద్దన్నారు. పిల్లలకు ఆయన మాస్టారు, అంతే. ఫీజు లేదు. ఈ వైపు సైన్యంలో చేరడం కొత్తేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు.

నేను వెళ్లింది ఒక్క సంగతి కోసం. పరుగు మధ్యలో డొక్కలో పోటు రావడం. వినడానికి చిన్న విషయం. కానీ కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. అగ్నివీర్ ర్యాలీలో అదే దూరం ఐదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి 60 మార్కులు. నెలల తరబడి చీకట్లో లేచి చేసిన సాధన మూడో రౌండులో వచ్చిన ఒక్క పోటుతో పోతుంది. పైగా అదంతా తన ఒంట్లో సత్తువ లేకపోవడమేనని ఆ పిల్లో పిల్లాడో నమ్మేస్తారు. నన్ను బాధపెట్టేది ఆ నమ్మకమే.

ఆ ఉదయం కూడా ఒకమ్మాయి పరుగు మధ్యలో ఆగిపోయి కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది. మొహం వంకర్లు పోతోంది. మాస్టారు కేక వేశారు.

“కూర్చోకమ్మా! నడువు, నడుస్తూనే ఉండు. ఎక్కడ?”

“ఇక్కడండి. సూదులు గుచ్చుతున్నట్టుందండి.”

“నాలుగు వేళ్లూ అక్కడే నొక్కి పెట్టు. కొంచెం ముందుకి వంగు. ఇప్పుడు పెదాలు ముడిచి, పొయ్యి ఊదినట్టు నెమ్మదిగా గాలి వదులు. పీల్చడం సంగతి తర్వాత. ముందు వదులు.”

పిల్ల అలాగే చేసింది. పదిహేను, ఇరవై అడుగులు వేసేసరికి భుజాలు సడలాయి. ఆ తర్వాత కుడి చెయ్యి పైకెత్తి ఎడమ పక్కకి వంగమన్నారు. మళ్లీ చిన్న అంగలతో కదిలింది. పరీక్ష రోజున కూడా ఇంతేనట. ఆగిపోకూడదు, వేగం తగ్గించి, నొక్కిపట్టి, గాలి పూర్తిగా వదలాలి. కుడివైపు పోటొస్తే ఎడమ కాలు నేలను తాకినప్పుడు గాలి వదలమని కూడా చెబుతారు. దీనికి పరిశోధనల బలం పెద్దగా లేదు. అయినా మనసు నొప్పి మీద నుంచి ఊపిరి మీదికి మళ్లుతుంది కాబట్టి చెప్పడంలో తప్పు లేదనిపించింది.

అసలు ఎందుకొస్తుంది? ఊపిరికి ఆధారమైన డయాఫ్రం కండరానికి రక్తం చాలక పట్టేస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలో డారెన్ మోర్టన్, రాబిన్ కాలిస్టర్ అనే పరిశోధకులు దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. 2000లో వాళ్లు ప్రచురించిన సర్వే ప్రకారం, పరుగెత్తేవాళ్లు పదిమందిలో దాదాపు ఏడుగురికి అంతకుముందు ఏడాదిలో ఈ పోటు ఎదురైంది. ఈతగాళ్లలోనూ, గుర్రపు స్వారీ చేసేవాళ్లలోనూ ఉంది. గుర్రం మీద కూర్చున్నవాడికి అంత ఆయాసం ఉండదు కదా! అందుకే ఊపిరి కండరం మీది నింద నిలవలేదు. పొట్ట లోపలి గోడకు అంటుకుని ఉండే పలచటి పొర, పెరిటోనియం, కుదుపులకూ రాపిడికీ రేగడమే కారణమనే వాదన వైపు వాళ్లు మొగ్గు చూపారు. కొందరికి భుజం కొసన కూడా నొప్పి రావడం ఈ వాదనకు సరిపోతుంది. డయాఫ్రం కింది పొరకూ భుజానికీ నరాల సంబంధం ఉంది. చర్చ ఇంకా ముగియలేదు. ఒకటి మాత్రం తేలింది. ఈ పోటు కుర్రవయసులోనే ఎక్కువ, బాగా సాధన చేసినవాళ్లనూ వదలదు. కాబట్టి ఇది చేతకానితనం కాదు.

మాస్టారు ఆ అమ్మాయిని అడిగిన తర్వాతి ప్రశ్న నాకు నచ్చింది. “పొద్దున్నే ఏం తాగావు?” సీసా నిండా గ్లూకోజు నీళ్లట. బలం వస్తుందని ఇంట్లో కలిపిచ్చారు. పాపం, ప్రేమతోనే. తీపి చిక్కగా ఉన్న నీళ్లు కడుపులోంచి త్వరగా దిగవు. నిండిన కడుపు ప్రతి అంగకీ ఊగుతుంది. పళ్లరసాల్లాంటి తీపి పానీయాలతో పోటు ఎక్కువవుతుందని ప్రయోగాల్లోనూ తేలింది. పరుగుకి రెండు గంటల ముందే తిండి ముగించాలి, ఆ తర్వాత మంచినీళ్లే, అదీ గుక్కెడు గుక్కెడుగా. వంగిన వీపుతో పరుగెత్తేవాళ్లకి పోటు ఎక్కువని కూడా పరిశోధకులు గమనించారు. ఇక్కడ పరుగుకి ముందు వెన్ను నిటారుగా నిలబెట్టే కసరత్తులు చేయించడం చూశాను. మొదటి రౌండులో ఎవరూ దూకుడుగా వెళ్లకూడదన్నది ఇక్కడి ఇంకో నియమం.

సెలక్షన్ రోజున చిక్కేమిటంటే, చీకటితోనే మైదానానికి చేరాలి, పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. ఏమీ తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఆకలేసి పిలుపుకి ముందు ఇడ్లీలు లాగిస్తే పోటు ఖాయం. ఇంటి దగ్గరే కాస్త తినేసి బయల్దేరాలని, తర్వాత ఎదురుచూపు ఎంత సాగినా అప్పుడప్పుడు ఒక్కో గుక్క నీళ్లతో సరిపెట్టుకోవాలని మాస్టారి సలహా. ముందువారం సాధన కూడా అచ్చం అదే తిండితో, అదే సమయానికి చేయిస్తారు. శిక్షణ శిబిరాలన్నీ ఈ ఒక్క పద్ధతి పెట్టుకుంటే ఎంత బావుణ్ణు!

పరుగు ఆపాక కాసేపటికి తగ్గనిది డొక్కలో పోటు కాదని కూడా ఆయన పిల్లలకు గట్టిగా చెబుతారు. ఛాతీ బిగిసినా, పొత్తికడుపులో కుడివైపు నొప్పి నిలిచిపోయినా, జ్వరం తోడైనా ఆరోజు పరుగు బంద్, నేరుగా డాక్టరు దగ్గరికే. పోయినేడు ఒక కుర్రాణ్ణి అలాగే బండి మీద తానే తీసుకెళ్లారట.

ఆ అమ్మాయి రౌండు ముగించి వచ్చింది. రేపటి నుంచి ఇంటి దగ్గర ఏం చెప్పాలని అడిగింది. “గ్లూకోజు పరుగయ్యాక ఇమ్మన్నారని చెప్పమ్మా. నేను చెప్పానను, ఏమనుకోరు,” అన్నారు మాస్టారు.