చిత్తము

తెలుగు పండితునిగా ముప్పది నాలుగేండ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పి 2017లో పదవీ విరమణ చేశాను. ఊరకే నిఘంటువు తిరగవేయడం ఆ వృత్తి అంటించిన జబ్బు, ఇంకా వదలలేదు. చాలాకాలంగా నన్ను వెంటాడుతున్న మాట ఒకటున్నది. అది "చిత్తము".

సంస్కృతంలో చిత్తమంటే మనస్సు. తెలుగులోకి వచ్చి ఆ మాట కొలువులో చేరింది. దొర ఆజ్ఞాపిస్తే బంటు "చిత్తము" అంటాడు. తమ మనస్సులో ఏమున్నదో అదే జరుగుతుందని దాని భావం. అర్జీలలోని "చిత్తగించవలెను" కూడా ఆ కొలువు మర్యాదే. క్రొత్త నిబంధన గ్రీకు మూలంలోని "థెలేమా" అనే పదానికి, ఇచ్ఛ, కోరిక వంటివి అందుబాటులో ఉండగా, మన అనువాదకులు ఈ మాటను పట్టుకున్నారు. వారికి తెలుగు నాడి బాగా తెలిసి ఉండాలి.

మాది గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబం. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు వచ్చి నాటిన సంఘం మాది. రాత్రి భోజనానికి ముందు "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" తీసి ఒక కీర్తన, ఆపైన ప్రార్థన. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు చెవినబడుతూ పెరిగినందువల్లనే నాకు తెలుగు మీద మోజు కలిగినదనుకుంటాను. మావాళ్ల శుభలేఖలలో, సభల కరపత్రాలలో "ప్రభువు చిత్తమైతే" అన్న మాట కనిపిస్తుంది. రేపటి లాభాలు నేడే లెక్కవేసుకునే వారికి యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయంలో చేసిన హెచ్చరిక దీనికి మూలం.

నేనూ ఆ మాట వాడాను. విరమణ డబ్బుతో సొంతవూరిలో ఇల్లు కట్టుకోవాలని మా దంపతుల కోరిక. అంచనాల పుస్తకం మొదటి పుటలో "ప్రభువు చిత్తమైతే" అని గుండ్రని అక్షరాలతో వ్రాసి, దాని కింద ఇటుకలు, ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి లెక్కలు వేశాను. చేదర్థకాన్ని బడిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ "అయితే"కు "కాకపోతే" అనే తోబుట్టువు ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు.

బేస్‌మట్టం లేచేసరికి, 2018లో, మా ఆవిడకు మూత్రపిండాలు పాడైనవని తేలింది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలిసిస్. ఇంటిపని ఆగింది. ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చుని ప్రార్థించేవాణ్ణి. ప్రార్థన అనడం తప్పు, అవి వరుస సంఖ్యలు వేసిన అర్జీలు. క్రియాటినిన్ తగ్గాలి. దాత దొరకాలి. వచ్చే సంక్రాంతికి గృహప్రవేశం కావాలి.

ఒక రాత్రి ఇంట్లో పైకే ప్రార్థిస్తుంటే ఆమె నవ్వింది. "ఏమండీ, దేవుడికి కూడా డిక్టేషన్ చెబుతున్నారే! ఆయన తప్పు రాస్తే గోడకుర్చీ వేయిస్తారా?" అంది.

నాకు కోపం వచ్చింది. "నీ కోసమే కదా" అన్నాను.

"నా కోసమైతే, ఏం కావాలో నన్ను కూడా అడగండి" అంది.

అప్పుడు అడిగాను. సూది గుచ్చేవేళ భయం లేకుండా ఉంటే చాలునన్నది. ఇల్లు ఊసే ఎత్తలేదు.

ఆమె నిద్రపోయాక మత్తయి సువార్త ఇరువది ఆరవ అధ్యాయం తెరిచాను. గెత్సేమనే తోటలో యేసు ముందు తనకు కావలసినది అడిగాడు. ఆ గిన్నె తప్పించమని దాచుకోకుండా అడిగాడు. మూడుమార్లు ప్రార్థించాడు. తండ్రి ఇష్టానికి ఒప్పుకోవడం ఆ అడగడం వెంటనే వచ్చే మాట. నేను మొదటిదాన్ని పట్టుకుని రెండవదాన్ని విడిచానని ఆనాడు తెలిసింది.

రెండవదాన్ని పట్టుకుని మొదటిదాన్ని విడిచేవారూ ఉన్నారు. 2019లో ఆమె వెళ్లిపోయాక వారు మా ఇంటికి వచ్చారు. "దేవుని చిత్తం మాస్టారూ, ఏడవకూడదు" అన్నారు. మంచివారే పాపం. కాని కొలువులో "చిత్తము" అనవలసినవాడు ఆజ్ఞ అందుకున్నవాడు. పక్కన నిలబడినవాడు వాని తరపున అంటే చెల్లదు. ఇది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మంచినీళ్లు ఇచ్చి పంపాను.

నేను ఆ మాట అనడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక సాయంత్రం ఒంటరిగా కీర్తన పాడుకుని కళ్లు మూసుకుంటే అడగవలసినదేదీ తోచలేదు. చాలాసేపటికి "చిత్తము" అన్నాను. ఆమెను ఎందుకు తీసుకుపోయాడో అర్థమై అన్నమాట కాదు. నేటికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెబితేనే ఒప్పుకుంటానని పట్టుబట్టడం కూడా డిక్టేషనేనని ఆమె అని ఉండేది. మరునాడు మళ్లీ ఏడ్చాను. మళ్లీ అన్నాను. రోజూ ఒకేలా వచ్చే మాట కాదది.

బేస్‌మట్టం మీద ఇన్నేళ్లూ ఎదురింటివాళ్లు మినుములు ఆరబోసుకున్నారు. మొన్న మేస్త్రీ కనబడి, "ఈ ఎండాకాలమైనా మొదలెడదామా మాస్టారూ?" అని అడిగాడు. రెండు గదులు చాలునేమో అన్నాను. ఇంటికి వచ్చి పాత పుస్తకం తీశాను. మొదటి పుటలో ఆ గుండ్రని అక్షరాలు అలాగే ఉన్నాయి. ఇసుక ధర కొట్టేసి కొత్తది వేసుకోవాలి.