పద్నాలుగో నంబరు

మా తెల్ల మారుతి 800 గురించి ఇంతకుముందు ఒకసారి రాశాను, గుర్తుందో లేదో. మామయ్య 2004లో పత్తి అమ్మిన పైసలతో కొన్న బండి. ఏపీ 25 నంబరు. అది ఇంటికి వచ్చినప్పుడు మాది నిజామాబాద్ జిల్లా. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చాం, 2022లో మా డోంగ్లినే మండలం చేశారు. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, మండలం మారింది, మా నంబరు ప్లేటు మాత్రం అట్లాగే ఉంది. మామయ్య పోయాక దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, పత్తి చేను పక్క బండ్లబాటలో.

నేర్చుకున్నది సరదాకి కాదు. మా అమ్మ దెగ్లూర్‌లో ఒక్కతే ఉంటుంది. మాకు మద్నూర్ వెళ్లి పెద్ద రోడ్డెక్కి సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర, అక్కడే దెగ్లూర్. బస్సులో పోవాలంటే మద్నూర్‌లో దిగాలి, మళ్లీ ఎక్కాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలన్న ఆదుర్దాలో అమ్మ దగ్గర కూర్చున్నట్టే ఉండదు. బండి ఉంటే మధ్యాహ్నం వంట ముగించి బయల్దేరి, అమ్మకి నాలుగు జొన్నరొట్టెలు చేసిపెట్టి, దీపం పెట్టే వేళకి వచ్చేయొచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. పెళ్లయిన ఇన్నేళ్లకి, అడగకుండా అమ్మ దగ్గరికి పోవడం ఎంత తేలికగా ఉంటుందో మీకు నేను చెప్పేదేముంది.

ఈ వానాకాలం అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. అమ్మ మరాఠీలో మోతీబిందు అంటుంది. రెండు రకాల చుక్కల మందులు, వారం వారం లెక్క తగ్గించుకుంటూ పోవాలి. సీసాల మీద రాసింది అమ్మకి కనబడదు, అందుకని ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ దారం కట్టి వచ్చాను. ఫోన్ చేస్తే "బాగనే ఉన్న, నువ్వు రాకు, సోయా కోతల పని చూసుకో" అంటుంది. వెళ్లి చూస్తే ఎర్ర దారం సీసా రెండు రోజుల కిందటే అయిపోయి ఉంటుంది.

పుణెలో ఉన్న తమ్ముడు "అక్కా, నీకెందుకు ఈ తిప్పలు, నేను తీసుకుపోత" అంటున్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. కానీ మూడో అంతస్తు ఫ్లాటులో అమ్మ పగలంతా తలుపు వేసుకుని కూర్చోవాలి. అమ్మకి పోవాలని లేదు. నాకు పంపాలని లేదు. నా బండి నడిచినంత కాలం ఆ మాట వాయిదా పడుతూ ఉంటుంది, అంతే.

సరిగ్గా ఆ సమయంలోనే బండి మొరాయించింది.

మొదట మీటరు దగ్గర ఇంజన్ బొమ్మ ఉన్న నారింజ రంగు దీపం వెలిగింది. వెలుగుతుంది, ఆరుతుంది. తర్వాత పెట్రోల్ ఊరికే తాగడం మొదలెట్టింది. వెనక నల్లటి పొగ, దిగి నిలబడితే చీరకంతా పెట్రోల్ వాసన. దగ్గర్లోని ఒక షెడ్డుకి తీసుకెళ్తే కుర్రాడు చూసి "నీళ్ల టెంపరేచర్ సెన్సర్ పోయింది" అని కొత్తది వేశాడు. పాతది కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. దాన్ని డాష్‌బోర్డు అరలో పడేశాను. నాలుగు రోజులు బాగుంది, ఐదోరోజు దీపం మళ్లీ వచ్చింది. మళ్లీ తీసుకెళ్తే ఈసారి కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "అక్కా, ఇంక కంప్యూటరే పోయినట్టు. హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌ది తెప్పియ్యాలె. తొమ్మిది వేలు. అది పని చేస్తదని గ్యారంటీ ఇయ్య."

మా ఆయన ఆ మాట వినీ వినగానే "పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దాం" అన్నారు. ఆయన లెక్క ఆయనది. సోయాలో తేమ ఎక్కువుందని రేటు తగ్గించిన సంవత్సరం ఇది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి, గ్రీన్ ట్యాక్స్‌కి కట్టిన డబ్బులు కూడా అప్పుడే గుర్తొచ్చాయి ఆయనకి. నేనేం మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అయినా ఇంకోసారి అమ్మ దగ్గరికి అదే బండిలో వెళ్లాను, మొండిగా. వచ్చేటప్పుడు సలాబత్‌పూర్ దగ్గర ఛాయ్ కోసం ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే లేవదు. తిప్పితే తిరుగుతుంది, అందుకోదు. చీకటి పడుతోంది. నాందేడ్ వైపు పోయే లారీ డ్రైవర్ ఒకాయన దిగి వచ్చి, వాసన చూసి, "పెట్రోల్ ఎక్కువైంది తాయీ. కొంచెం ఆగి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టు" అన్నాడు మరాఠీలో. అట్లా చేస్తే భళ్లున నల్లపొగ వదిలి లేచింది. ఇంటికి వచ్చేదాకా ఎక్కడా ఆపలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం వల్ల కాదు. కంప్యూటర్ పోయిన బండి అయితే లారీ డ్రైవర్ చెప్పగానే ఎట్లా లేచింది అని.

ఆడపడుచు కొడుకు నిజామాబాద్‌లో చదువుతాడు. దసరాకి వచ్చినప్పుడు అగ్గిపెట్టంత పరికరం ఒకటి తెచ్చాడు. బండికి తగిలిస్తే ఫోన్లో రోగం పేరు వస్తుందట. తగిలించడానికి మా బండిలో సందే లేదు. తర్వాత తెలిసింది, మన దేశంలో కార్లకి ఆ పద్ధతి తప్పనిసరి చేసింది 2010 నుంచి మొదలుపెట్టి. మా బండి అంతకు ఆరేళ్లు పెద్దది. అయితే కార్బురేటర్ కాలంది కూడా కాదు. మారుతి 800 మొదట వచ్చింది 1983 డిసెంబర్‌లో, అప్పట్లో అంతా కార్బురేటరే. పొగ నియమాలు బిగుసుకున్నాక, 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంటే మూడు సిలిండర్లకీ తలా ఒక ఇంజెక్టర్, ఎంత పెట్రోల్ కొట్టాలో లెక్క చెప్పడానికి ఒక చిన్న కంప్యూటర్. అటు ఫోన్‌తో మాట్లాడదు, ఇటు స్క్రూ తిప్పితే వినదు.

అప్పుడు అత్తమ్మ అంది, "బిచ్కుంద చాచాకు ఫోన్ చెయ్యరాదు?"

మామయ్య ఉన్నప్పుడు ఈ బండి చూసింది ఆయనే. నడుం నొప్పితో పని మానేసి చాలా కాలమైంది. ఫోన్లో అంతా విని ఒకటే అడిగాడు. "బేటీ, దీపం ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఎవరన్నా లెక్కపెట్టిన్రా?"

ఎవరూ పెట్టలేదు. ఆ వయసు బండ్లలో కంప్యూటర్ తన బాధ ఆ దీపంతోనే చెబుతుందట. స్టీరింగ్ కింద ఒక చిన్న ప్లగ్గు ఉంటుంది, అందులో రెండు పిన్నులు కలిపి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే దీపం లెక్క ప్రకారం కొట్టుకుంటుంది. ఏ రెండు పిన్నులో నా అంతట నేను ఊహించొద్దని, తప్పు పిన్నులు కలిపితే ఇప్పటిదాకా బాగున్న కంప్యూటర్ నిజంగానే పోతుందని గట్టిగా చెప్పాడు. నేను ఫోటో తీసి పంపితే వాళ్ల మనవడు రెండు పిన్నుల చుట్టూ ఎర్ర గీత గీసి తిప్పి పంపాడు. (మీరెవరైనా ఇది చదివి మీ బండిలో ప్రయత్నించేట్టయితే, మీ బండి తెలిసినవాళ్లని అడగకుండా వేలు పెట్టకండి.)

తీగముక్క దొరక్క నా జడలోని నల్ల పిన్ను తీశాను. పెడితే ఏం కాలేదు. మళ్లీ ఫోన్. చాచా నవ్వాడు. "దాని మీద నల్ల రంగు ఉంటది కదమ్మా, కరెంటు ఎట్ల పోతది? కొనలు గీకు." కత్తిపీటకి గీకి మళ్లీ పెట్టాను.

దీపం కొట్టుకోవడం మొదలెట్టింది. ఒకటి. కొంచెం ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎక్కువసేపు ఆగింది. మళ్లీ ఒకటి. నేను తడబడుతుంటే పక్క సీట్లో అత్తమ్మ చింతపిక్కలు ఒళ్లో పోసుకుని, ఒక్కో వెలుగుకి ఒక్కోటి పక్కన పెట్టసాగింది, పచ్చీసు ఆటలో పెట్టినట్టు. ఒక పిక్క, కొంచెం ఎడంగా నాలుగు పిక్కలు. మూడుసార్లు చూసినా అదే. "పద్నాలుగు" అంది అత్తమ్మ. బడికి పోని మనిషి.

పద్నాలుగు అంటే నీళ్ల టెంపరేచర్ సెన్సరే. నా గుండె జారింది. ఆ కుర్రాడు చెప్పింది నిజమే కదా, కొత్తది కూడా వేశాడు, ఇంక కంప్యూటర్ తప్ప ఏముంది?

చాచా మాత్రం "పాతది పారేసినవా?" అని అడిగాడు. లేదు, డాష్‌బోర్డు అరలో ఉంది. "దాన్ని గిన్నెల నీళ్లల్ల పెట్టి వేడి చేసి చూడు" అన్నాడు.

ఆ సెన్సర్ గుణం ఏమిటంటే, చల్లగా ఉంటే కరెంటుకి ఎక్కువ అడ్డుపడుతుంది, వేడెక్కేకొద్దీ తక్కువ. కంప్యూటర్ ఆ అడ్డంకిని చూసే ఇంజన్ చల్లగుందో వేడిగుందో పోల్చుకుంటుంది. ఇరవై డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓమ్‌లు, ఎనభై దగ్గర మూడువందలు చూపాలట. మోటరు స్టార్టర్ కోసం మా ఆయన దగ్గర మీటరు ఉంది. పాలగిన్నె ఇవ్వడానికి మనసు రాక, పాత అల్యూమినియం గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. సెన్సర్ కొన నీళ్లలో ముంచి పట్టకారుతో పట్టుకుంటే, మా చిన్నది మీటరు చదివింది. రెండు వేల చిల్లర. గిన్నె అడుగున బుడగలు లేచేసరికి వెయ్యి కిందికి దిగింది, నీళ్లు కాగబోయే వేళకి మూడువందల దరిదాపుల్లోకి వచ్చింది. అంటే పాతది బాగానే ఉంది. ఏ తప్పూ లేనిదాన్ని తీసేసి డబ్బులు తీసుకున్నారన్నమాట. కావాలని చేశాడని నేను అనను. నంబరు చూశాడు, ఆ నంబరు పక్కన రాసి ఉన్న సామాను మార్చాడు. పద్నాలుగు అంటే సెన్సర్ చెడిపోయిందని కాదట, ఆ దారిలో కబురు సరిగ్గా అందడం లేదని మాత్రమేనట. మిగిలింది ఆ దారి.

పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, సెన్సర్ ప్లగ్గు నుంచి తీగ వెంట వేలితో తడుముకుంటూ పోయాను. మేం సోయా బస్తాలు, పెసర బస్తాలు పెట్టే కొట్టంలోనే ఆ బండి నిలుస్తుంది. జానెడు దూరం పోగానే వేలికి గరుకు తగిలింది. ఎలుక పళ్లు. పై తొడుగు కొరికేసింది, లోపల రాగి పోగులు చాలావరకు తెగి, రెండో మూడో మిగిలాయి. వానాకాలం తేమకి వాటికి పచ్చగా చిలుము పట్టింది. ఇత్తడి చెంబు తోమకుండా వదిలేస్తే పడుతుందే, అట్లా.

అప్పుడంతా అర్థమైంది. చిలుము పట్టిన ఆ రెండు పోగులు కూడా కరెంటుకి అడ్డే. ఆ అడ్డు సెన్సర్ అడ్డుకి కలిసి, ఇంజన్ సలసల కాగుతున్నా కంప్యూటర్‌కి "ఇంకా చల్లగానే ఉన్న" అన్న కబురు పోతోంది. చలిలో లేవని బండికి పోసినట్టు అది పెట్రోల్ పోస్తూ పోయింది. సలాబత్‌పూర్ దగ్గర జరిగింది అదే. తీగ కదిలి పూర్తిగా తెగినప్పుడు దీపం. కొత్త సెన్సర్ వేసినప్పుడు ప్లగ్గు కదిలి పోగులు కాస్త కలిశాయి, అందుకే ఆ నాలుగు రోజులు.

మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ఏం అనలేదు. లోపలికి పోయి మోటరు పనికి వాడే కొత్త తీగ, టేపు, కత్తెర తెచ్చారు. చాచా చెప్పినట్టు చెడిన ముక్క మొత్తం కోసేసి, మంచి రాగి కనబడేదాకా గీకి, కొత్త ముక్క అతికించారు. మెలిపెట్టి వదిలెయ్యొద్దు, టంకం పెట్టమన్నాడు చాచా. అది రేడియో బాగుచేసే ఆయన వచ్చి పెట్టి పోయాడు, ఇరవై రూపాయలు. బ్యాటరీ నెగటివ్ తీగ కాసేపు తీసి పెడితే పాత నంబరు మర్చిపోతుంది. మళ్లీ బిగించి, బండి ఒక చుట్టు తిప్పుకొచ్చి, పిన్ను పెట్టాం. ఒకటి. ఒకటి, రెండు. ఒకటి. ఒకటి, రెండు.

"పన్నెండు, ఇదేం రోగం?" అంది అత్తమ్మ కంగారుగా, పిక్కలు పట్టుకుని.

పన్నెండు అంటే ఏ రోగమూ లేదని. ఏమీ లేకపోతే ఊరికే ఉండొచ్చు కదా, అది కూడా నంబరు కొట్టి చెప్పాలా అని అత్తమ్మ విసుక్కుంది.

ఆ మధ్యాహ్నమే దెగ్లూర్ పోయాను. ముందుగా ఫోన్ చెయ్యలేదు. అమ్మ గడపలో కూర్చుని మినుములు చెరుగుతోంది, నల్లద్దాలు పెట్టుకోకుండా. "కాయ్ ఝాలం? బండి పోయిందన్నవ్?" అంది. లోపలికి పోయి సీసాలు చూశాను. పచ్చ దారంది నిండుగానే ఉంది, మూత కూడా తియ్యలేదు. మంట పుడుతుందని మానేసిందట. పది రోజులుగా.

కూర్చోబెట్టి చుక్కలు వేశాను. తమ్ముడికి ఫోన్ చేసి, దీపావళి దాకా వారానికి మూడుసార్లు నేనే వస్తానని, ఆ తర్వాత మాట్లాడుకుందామని చెప్పాను. వాడు సరే అన్నాడు, అంత గట్టిగా కాదు.

మొన్న మళ్లీ దీపం వెలిగింది. ఈసారి పదమూడు. పొగగొట్టం దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ అట. అన్ని రోజులు నల్లపొగ మింగి మసి పట్టి ఉండొచ్చు, ముందు తీగ చూడు, ఏదీ కొనకు అన్నాడు చాచా. ఆదివారం చూడాలి. జడపిన్ను ఇప్పుడు డాష్‌బోర్డు అరలోనే ఉంటోంది, దాని పక్కన చిన్న గుడ్డమూటలో అత్తమ్మ చింతపిక్కలు. కొట్టంలోంచి బస్తాలు మాత్రం ఇంకా తియ్యలేదు. ఎక్కడ పెట్టాలో తేలడం లేదు.