అడవి తల్లి బెరడు

కాలిఫోర్నియాలో, కలవెరాస్ వనంలో నల్లగా కాలిన ఒక సెక్వోయా మోడు ముందు చాలాసేపు నిలబడిపోయాను. దాని పేరు ‘అడవి తల్లి’. 1854లో 116 అడుగుల ఎత్తు దాకా దాని బెరడు ఒలిచి న్యూయార్క్, లండన్ నగరాల్లో ప్రదర్శనకి పెట్టారు. సెక్వోయాకి నిప్పు నుంచి రక్ష ఆ మందపాటి బెరడే. అది పోయాక చెట్టు చచ్చింది. 1908లో మంటలు మిగిలినదాన్నీ కాల్చాయి. తల్లి అంటూనే తోలు ఒలవడం మనకి కొత్తా?

1900లో వనం కలప వ్యాపారి చేతికి పోతోందని తెలిసి లారా లయన్ వైట్, కాలిఫోర్నియా క్లబ్ స్త్రీలు అడ్డం పడ్డారు. ఆ రాష్ట్రంలో స్త్రీలకి ఓటు వచ్చింది 1911లో. ఓటు లేని ఆ చేతులే లక్షల సంతకాలు పోగుచేశాయి. అయినా వనం ప్రభుత్వ పార్కు అయ్యేసరికి 1931 వచ్చింది. తల్లి అని పొగడటం సులువు. ఒలిచే చేతిని ఆపడానికి మాత్రం ముప్ఫై ఏళ్లు కావాలి.