కుంట మూలల్లో దొరికిన బీజగణితం

రెండు ప్రమేయాలను గుణిస్తే ఏమవుతుందో పుస్తకం కంటే బాగా నాకు బుక్కరాయసముద్రం నేల చెప్పింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ప్రాంతం ఇది. నీటిని నిలుపుకోవడం ఇక్కడ ఈనాటి పని కాదు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగుకు అడ్డకట్ట వేయించి చెరువు కట్టించాడని చరిత్ర. ఊరికి రాజు పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఎవరి చేనిలో వాళ్లు తవ్వుకున్న సేద్యపు కుంటలు కూడా ఆ పనే చేస్తున్నాయి.

మా చిన్నాయన కుంట అడుగున 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉంటుంది. లోతు 2 మీటర్లు. మట్టి విరిగి పడకుండా నాలుగు పక్కలా ఏటవాలుగా తవ్వారు. మీటరు ఎత్తు పెరిగితే ప్రతి గోడా మీటరు వెనక్కి జరుగుతుంది. అందువల్ల పైన పొడవు 12, వెడల్పు 10 మీటర్లు. ఒక వేసవిలో నీళ్లు సగం లోతుకు దిగాయి. "నిండు కుంట చీనీ చెట్లకు నాలుగు తడులు ఇస్తాది. సగముంటే రెండు రావాల కదప్పా?" అన్నాడు ఆయన.

నీటి లోతు 'ల' మీటర్లనుకుందాం. నీటి పొడవు 8 + 2ల, వెడల్పు 6 + 2ల. రెండూ లోతును బట్టి మారే ప్రమేయాలే. వాటిని గుణిస్తే నీటి పైభాగం వైశాల్యం 48 + 28ల + 4ల². నిండుగా ఉంటే 120 చదరపు మీటర్లు, సగం లోతులో 80, అడుగున 48. కింది మీటరులో పట్టేవి సుమారు 63 వేల లీటర్లు, పై మీటరులో 99 వేలు. అంటే సగం లోతులో మిగిలినవి నూటికి 39 పాళ్లే. రెండో తడి పూర్తిగా అందదు. ఎండ లెక్కా ఇలాంటిదే. సెంటీమీటరు నీరు ఆవిరైతే నిండు కుంటలో 1,200 లీటర్లు పోతాయి, సగం లోతులో 800.

కుంట ఎండాక అందులోకి దిగి చూస్తే వైశాల్యంలోని ఆ మూడు పదాలూ కంటికి కనిపించాయి. చదునైన అడుగు 48. దాని నాలుగు అంచుల పక్కన ఏటవాలు మీద నీరు పరుచుకునే పట్టీలు 28ల. మిగిలిన నాలుగు మూలల్లో ఒక్కొక్కటి ల² చొప్పున 4ల². పొడవు ఒక్కటే పెరిగినా, వెడల్పు ఒక్కటే పెరిగినా ఆ మూలలు ఏర్పడవు. రెండూ కలిసి మారినప్పుడే అవి పుడతాయి. పొడవు వల్ల ఇంత, వెడల్పు వల్ల ఇంత అని విడివిడిగా లెక్కేసి కూడితే ఆ మూలలు లెక్కలోంచి జారిపోతాయి. గుణకారం వాటిని వదలదు. నేను నేర్చుకున్నది ఇదే: బహుపదిలో ప్రతి పదానికీ నేల మీద ఒక చోటు ఉంటుంది.

ఊరి చేలల్లో ఇన్ని కుంటలున్నప్పుడు బహుపదుల పాఠం నల్లబల్ల దగ్గరే ఆగిపోకూడదు. మాస్టర్లకు నా మనవి ఒక్కటే. వేసవిలో ఒకసారి పిల్లల్ని ఎండిన కుంటలోకి దింపండి, చేతికి టేపు ఇవ్వండి. 4ల² ఎక్కడుందో వాళ్లే నిలబడి చూపిస్తారు.