ఎర్రగడ్డ మూడో స్టేషన్

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారితే ఎర్రగడ్డ అక్కడి నుంచి మూడో స్టేషన్. మా తొమ్మిదో తరగతి పిల్లలకు మాత్రం అది ఊరు పేరు కాదు, తిట్టు. "వీణ్ని ఎర్రగడ్డకి పంపాలి మేడమ్" అని రోజుకు రెండుసార్లయినా వినబడుతుంది. విశాఖ వాళ్లకు చినవాల్తేరు, తమిళులకు కీల్పాక్, హిందీ వాళ్లకు ఆగ్రా, రాంచీ. ఈ మాటను ఇంటింటికీ చేర్చడంలో సినిమా కామెడీకి పెద్ద వాటా ఉంది. ఆ సినిమాలకు పనిచేసే ఫిల్మ్‌నగర్ వాళ్ల పిల్లలే మా బెంచీల మీద కూర్చుంటారు.

ఎర్రగడ్డలో ఉన్నది ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడిచే ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. నిద్ర పట్టక, దిగులు తగ్గక వచ్చేవాళ్లు ఓపీలో చూపించుకుని ఇంటికి వెళ్తారు. కానీ ఆ పేరు విని పదిమంది నవ్వే గదిలో కూర్చున్న పిల్ల, తనకు నిద్ర పట్టడం లేదని ఎవరితో చెబుతుంది?

గత ఏడాది ఒక అమ్మాయి చెప్పింది, కానీ తన పేరుతో కాదు. (వాళ్లమ్మగారి అనుమతితో రాస్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.) ఇంగ్లిష్ పీరియడ్‌లో స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నాను. తన ఫ్రెండ్‌కి తెల్లవారుజామున మూడింటి దాకా నిద్ర రాదని, ఎందుకో తెలియని భయమని ఆమె మరో ఫ్రెండ్‌కి రాసింది. ఒక్క తప్పు లేని ఇంగ్లిష్. మా స్కూల్ కౌన్సెలర్‌కి చూపిస్తే ఆవిడ మొదటి వాక్యం దగ్గరే ఆగారు. పిల్లలు చాలాసార్లు ఫ్రెండ్ పేరు మీదే మొదలుపెడతారట. ఎదుటివాళ్లు ఏమంటారో చూసి, ఆ తర్వాతే తమ సంగతి చెబుతారట.

వాళ్లమ్మగారిని పిలిపించాం. ఆవిడ మొదటి ప్రశ్న, "మా పాపకేమన్నా మెంటలా మేడమ్? రేపు సంబంధాలు చూసేటప్పుడు బయటపడితే?" పాపకు పధ్నాలుగేళ్లు. అయినా ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం, మన చుట్టూ ఉన్న లోకం అలాగే ఉంది.

నాన్నగారు ఎడిటర్. ఎక్కువగా రాత్రి పనే. చేసిన సినిమా విడుదల కాక, రావాల్సిన డబ్బు ఆగిపోయింది. ఫీజు గురించి, స్కూల్ మార్చే విషయం గురించి అమ్మానాన్నలు వంటింట్లో మాట్లాడుకుంటుంటే పాప విన్నది. ఆ రోజు నుంచి నాన్న వచ్చేదాకా మేలుకునే ఉండేది. గేటు చప్పుడు కాగానే కళ్లు మూసుకునేది. ఆయన తలుపు తీసి చూసి, హాయిగా పడుకుందనుకుని మళ్లీ దగ్గరికి వేసేవారు. ఇలా నాలుగు నెలలు.

2006లో 'బొమ్మరిల్లు' వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. చివర్లో సిద్ధార్థ్ ఏళ్ల తరబడి దాచుకున్నదంతా తండ్రి ముందు ఒక్కసారిగా చెప్పేస్తాడు, ప్రకాష్‌రాజ్ వింటాడు. మా ఇంట్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. నా తరగతిలో మాత్రం అలా ఏకబిగిన చెప్పిన పిల్లలు ఇంతవరకు ఒక్కరూ లేరు. "కడుపులో నొప్పి", "ఇవాళ బడికి వెళ్లను", "ఊరికే, ఏం లేదు" అని చిన్న ముక్క ఒకటి విసిరి చూస్తారు. ఆ ముక్కకు మనం వెంటనే జవాబిచ్చేస్తాం. "దానికేముంది, మేం లేమూ?" అనేది ఒకటి. "మా కాలంలో కిరోసిన్ దీపం కింద చదివాం" అనేది రెండోది. ఈ రెండోది మా నాన్నగారు కూడా చెప్పేవారు. మా ఊరికి ఆయన పుట్టకముందే కరెంటు వచ్చిందని తర్వాత తెలిసింది. రెండూ ప్రేమతో అనే మాటలే, కానీ రెండింటితోనూ సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

కౌన్సెలర్ ఆ నాన్నగారికి చెప్పింది ఒకటే: కాసేపు పక్కన ఉండండి, సలహా ఇవ్వకండి. ఆయన ఆదివారం పొద్దున్నే పాపను కేబీఆర్ పార్కు చుట్టూ నడకకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి. రెండు వారాలు కుక్కపిల్లల గురించే మాట్లాడుకున్నారు. మూడో వారం "డబ్బులొచ్చాయా నాన్నా?" అని అడిగింది. రాలేదని ఆయన నిజమే చెప్పారు. ఈ ఏడాది ఫీజు సర్దామని, స్కూల్ మార్చాల్సి వస్తే ముందు తనతోనే మాట్లాడతామని కూడా చెప్పారు.

అంతటితో నిద్ర వచ్చేయలేదు. కొన్ని నెలలు సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లారు. (సైకాలజిస్ట్ మాటలతో సాయం చేస్తారు. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్ట్. చాలామంది ఈ ఇద్దరూ ఒకటే అనుకుంటారు.) ఇప్పుడు పదో తరగతి, పదకొండింటికల్లా పడుకుంటోంది. లెక్కల్లో మార్కులు పెరగలేదు. ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మహానగరాల్లో అది 13.5 శాతం. మా సెక్షన్‌లో నలభై మంది ఉన్నారు. ఆ లెక్కన అయిదుగురు.

నిద్ర, తిండి, స్నేహాలు, ఇష్టమైన ఆట, వీటిలో మార్పు రెండు వారాలు దాటితే ఎవరికైనా చూపించండి. బతకాలని లేదన్న మాట పిల్లల నోట వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగా అడగొచ్చు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మన కౌన్సెలర్ గది రెండో అంతస్తులో, లైబ్రరీ పక్కన ఉంది. పేరెంట్స్ మీటింగ్ రోజున ఆవిడా అక్కడే ఉంటారు. ప్రోగ్రెస్ కార్డు తీసుకున్నాక చాలామంది నేరుగా లిఫ్ట్ వైపు వెళ్లిపోతుంటారు.