నీళ్లొస్తున్నాయి, ఎక్కు!

సెలవులకి వెల్దుర్తి వెళ్లామన్న మాటే గాని, మావాడు ఫోను వదిల్తేగా! అదేదో ఆట. కిందనించి నీళ్లు పెరుగుతుంటాయి. బొమ్మ కుర్రాడు పెట్టెలు జరుపుకుంటూ మెట్టుమీద మెట్టు ఎక్కాలి. తమాషా ఏమిటంటే, భయపడి పరిగెత్తితే గెలవడు. నీళ్లని కాస్త పెరగనిస్తే పెట్టె తేలి వాణ్ణి పైకి చేరుస్తుంది.

"ఆ పెట్టె వదిలెయ్యి నాయనా, మునుగుతావు!" అని గాభరాగా అరిచారు మా అత్తగారు.

నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ పుట్టిల్లు నాగార్జునకొండ లోయలో ఉండేది. సాగర్ ఆనకట్టతో లోయ మునుగుతుందని తెలిసి, పురావస్తు శాఖవారు 1954 నించి 1960 దాకా తవ్వారు. ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో తొమ్మిదింటిని కొండమీద తిరిగి కట్టారు. ఇప్పుడా కొండ ఓ దీవి. అన్నీ ఎక్కవుగా! అత్తగారి ఇల్లు ఎక్కలేదు.

"మీరేం తెచ్చుకున్నారత్తయ్యా?"

"తలుపులు. మా నాయన ఊడదీసి బండిమీద వేశాడు."

చిత్రం చూడండి, ఇల్లు ముంచిన నీళ్లు ఆవిడ మెట్టిన ఈ మెట్ట ప్రాంతానికి మాత్రం ఎక్కలేదు. ఎక్కించే వరికపూడిశెల ఎత్తిపోతలకి 2023లో శంకుస్థాపన చేశారు.

ఈలోగా బొమ్మ మునిగింది. మావాడు ఏదో నొక్కాడు. నీళ్లు అడుక్కి దిగిపోయాయి.

"మళ్లీ మొదట్నించీ ఆడొచ్చా?"

"ఎన్నిసార్లయినా, నాయనమ్మా!"

అత్తగారు కళ్లజోడు సర్దుకుని, వాడి పక్కకి జరిగి కూర్చున్నారు.